వర్జ్యంలో తిరిగిన చైన్

నేను ఒక టైమింగ్ చైన్‌ని. కారు కొన్నవాడికి స్టీరింగ్ తెలుసు, సీట్లు తెలుసు, పాటల పెట్టె తెలుసు. నేను తెలియను. ఇంజన్ ముందువైపు మూత వెనక, నూనెలో తడుస్తూ, కింది పళ్ళచక్రాన్నీ పై పళ్ళచక్రాన్నీ కలిపి తిప్పుతుంటాను. పిస్టన్ పైకొచ్చే వేళకి వాల్వు పక్కకి తప్పుకోవాలి. ఆ వేళ కుదిర్చేది నేనే. లెక్క తప్పితే రెండూ గుద్దుకుంటాయి. ఆ తర్వాత కారుని తోసుకుంటూ తీసుకెళ్ళాల్సిందే.

పుట్టింది ఫ్యాక్టరీలో. పుట్టగానే మమ్మల్ని రెండు వైపులా పట్టి లాగారు. తెగనివాళ్ళని పాస్ చేశారు. మనుషులకి ఈ పరీక్ష పెళ్ళయ్యాక పెడతారని తర్వాత తెలిసింది.

నా మొదటి యజమాని విశాఖపట్నంలో రోడ్ల కాంట్రాక్టరు. గుర్తొచ్చినప్పుడు ఇంజన్ ఆయిల్ మార్చేవాడు. ఆయనకి గుర్తు రాలేదు. రెండో యజమాని అనకాపల్లిలో డ్రిల్లు మాస్టారు త్రినాథరావు. ఈయన ఆయిల్ వేళకి మార్చాడు గానీ అప్పటికే నేను సాగిపోయాను. పొద్దున్నే ఇంజన్ స్టార్ట్ చేస్తే డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు చప్పుడు. ఆ చప్పుడు నాదే. ఇంకొన్నాళ్ళు తిప్పితే పన్ను జారతానని మెకానిక్ చెప్పాడు. చెప్పి, బావమరిది పెళ్ళికని ఊరెళ్ళిపోయాడు.

సరిగ్గా అప్పుడే మాస్టారి తల్లి అప్పలనరసమ్మ కంటి ఆపరేషన్‌కి ఒప్పుకుంది. రెండు కళ్ళకీ శుక్లాలు. ఎదురుగా మనిషి నిలబడితే గొంతు విని పేరు చెప్పేది. ఎన్నాళ్ళో వద్దని మొరాయించిన మనిషి, కొడుకు కారులో అయితేనే వస్తానని షరతు పెట్టి ఊఁ అంది. ఆసుపత్రి విశాఖలో. మర్నాడు పొద్దున్నే వెళ్ళాలి. బాడుగ కారు మాటెత్తితే ఆవిడకి మళ్ళీ భయం పట్టుకుంటుంది. ఆ భయానికి ఒక సాకు దొరికితే చాలు, ఇక ఈ జన్మలో ఆసుపత్రి గుమ్మం ఎక్కదు. మాస్టారికి ఈ సంగతి బాగా తెలుసు. అందుకే కొత్త చైన్ కొనుక్కొచ్చి, ఫోన్‌లో వీడియో పెట్టుకుని, పెరట్లోనే పని మొదలుపెట్టాడు.

మధ్యాహ్నానికి నన్ను బయటికి తీశాడు. ఇన్నేళ్ళ కాపురం తర్వాత మొదటిసారి ఎండ చూశాను. నన్నొక స్టీలు పళ్ళెంలో పడేసి, కొత్తదాన్ని పక్క పళ్ళెంలో పెట్టి, అన్నానికి వెళ్ళాడు. కొత్తది నిగనిగలాడుతోంది. దాని లంకెల్లో రెండింటికి పసుపు రంగు. ఆ లంకెలు చక్రాల మీది చుక్కలకి ఎదురుగా రావాలి. అదే దాని జాతకం.

అప్పుడొచ్చింది అప్పలనరసమ్మ, తడుముకుంటూ. చేతిలో పసుపు గిన్నె. ఇంట్లోకి ఏ కొత్త వస్తువొచ్చినా పసుపు పెట్టనిదే ఆవిడ వాడనివ్వదు. ముందు నాకే పెట్టింది. పదవి పోయిన రోజున నాకు సన్మానం జరిగింది. తర్వాత పొరపాటు వేళ్ళకి తెలిసిందేమో, పక్క పళ్ళెంలోకి చెయ్యి చాచి కొత్తదానికీ అక్కడక్కడా దండిగా రాసి, దణ్ణం పెట్టుకుని లోపలికెళ్ళింది.

మాస్టారు వచ్చాడు. పసుపు లంకె కోసం చూశాడు. కనబడింది. చుక్కకి ఎదురుగా పెట్టాడు. రెండోది కూడా కనబడింది. పెట్టాడు. నేను పళ్ళెంలోంచి చూస్తున్నాను. అరవడానికి నాకు నోరు లేదు.

అయినా ఒక దారి ఉంది. మూత బిగించే ముందు స్పానర్‌తో ఇంజన్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పి చూడాలని వీడియోలో చెప్పారు. లెక్క తప్పితే మధ్యలో అడ్డుపడుతుంది. మాస్టారు స్పానర్ అందుకోగానే లోపల్నుంచి తల్లి గొంతు వినిపించింది. వర్జ్యం వచ్చేసిందని, కొత్త వస్తువుని మొదటిసారి తిప్పేది వర్జ్యంలోనా అని, పొద్దున్నే మంచి వేళ చూసి తాళం తిప్పుకోమని. ఆగుదామంటే మూతకి రాసే గమ్ము ఆరడానికి రాత్రంతా కావాలి. రేపు ఆపరేషన్ పెట్టుకుని అమ్మ మాట కాదనడం ఎందుకనుకున్నాడు. స్పానర్ కింద పెట్టి, చేతులు గుడ్డకి తుడుచుకుని, బిగించడానికి మూత ఎత్తాడు.

బోల్టులు అందించడానికి వచ్చిన భార్య నూకరత్నం ఆ గుడ్డ తీసి చూసింది.

"ఏవండీ, కంపెనీవోళ్ళు ఏసిన రంగు ఇలగ గుడ్డకి అంటుకుంటాదేటి?"

మాస్టారు గుడ్డ వాసన చూశాడు. పోపులో వేసుకునే పసుపే.

తల్లిని పిలిచాడు. ఆవిడ గుమ్మంలో నిలబడి, దాచలేదు. "నానే రాసినాను. కొత్తది గదరా." అంతే అంది. మాస్టారు కోప్పడలేదు. గుర్తు ఎక్కడుండాలో, తన కళ్ళు ఎక్కడ చూశాయో మెల్లగా చెప్పాడు. చెప్పడం అయ్యాక చైన్ ఊడదీసి కిరసనాయిలుతో కడిగాడు. అసలు పసుపు లంకెలు ఇంకెక్కడో తేలాయి. సరిగ్గా ఎక్కించాడు. మళ్ళీ స్పానర్ దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది. వర్జ్యం ఇంకా పోలేదు.

"తిప్పీరా," అంది అప్పలనరసమ్మ. "రేపు కోసేది నా కన్నే గదా. ఆ వర్జ్యమేదో నా మీదకే రానీ."

తిప్పాడు. ఒక చుట్టు, ఇంకో చుట్టు. ఎక్కడా అడ్డుపడలేదు.

పొద్దున కారు బయల్దేరింది. గులకరాళ్ళ చప్పుడు లేదు. నేను లేకుండా అంత బాగా నడవాల్సిన అవసరం ఏముందో నాకు అర్థం కాలేదు.

కట్టు విప్పాక ఒక రోజు ఆవిడ పెరట్లోకి వచ్చింది. కారు వైపు చూడలేదు, నా వైపు అసలే చూడలేదు. కుళాయి దగ్గర మొహం కడుక్కుంటున్న కొడుకుని చూస్తూ నిలబడిపోయింది. దగ్గరికెళ్ళి, గడ్డం పట్టుకుని, మొహాన్ని వెలుతురు వైపు తిప్పింది.

"ఎప్పుడు నెరిసిందిరా నీ తలంతాను? నాకు సెప్పలేదేటి?"

మాస్టారు తడి చేత్తో తల తడుముకున్నాడు. నూకరత్నం కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

నన్ను పాత సామాన్లవాడి గోతంలో వేశారు. పక్కన ఒక కుట్టు మిషను చక్రం, కొన్ని తలుపు గడియలు, ఒక తాళం. ఎప్పుడు సాగిపోయావని ఎవరూ నన్ను అడగలేదు. అడిగినా చెప్పలేకపోయేవాణ్ణి. పనిలో ఉన్నవాళ్ళకి అది తెలియదు.