రెండో లాంచర్

ఆట కొనుక్కున్నవాడు ఆట ఆడుకోవాలి. ఇందులో ఎవరికీ పేచీ ఉండకూడదు. కానీ ఈ రోజుల్లో కంప్యూటర్లో ఆట కొంటే, దాన్ని అమ్మిన కొట్టు కూడా వెంటే వచ్చి ఇంట్లో బైఠాయిస్తుంది. దాని పేరు లాంచర్. అది తెరుచుకుంటేనే ఆట తెరుచుకుంటుంది, అది అలిగితే ఆట లేదు. పోనీ ఒక్కటుంటే సర్దుకుపోవచ్చు. ఒక్కో కొట్టుకు ఒక్కో లాంచర్, ఒక్కో లాంచర్‌కు ఒక్కో పాస్‌వర్డు. మన బీరువా గారికి ఒళ్లు మండింది ఇక్కడే.

బీరువా అన్నది ఆయనకు బస్సు డిపోలో మెకానిక్కులు పెట్టిన పేరు. విడిభాగాల గదికి ఆయన స్టోర్‌కీపరు. ఒక వస్తువుకు ఒకటే అర, అదే ఆయన మతం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకే రకం ఆయిల్ సీళ్లను మూడు చోట్ల పెట్టేవారు. ఓ రోజు ముందు అర ఖాళీగా కనబడేసరికి సరుకు లేదనుకుని బస్సును షెడ్డులో నిలబెట్టేశారు. సీళ్లేమో వెనక అరలో కులాసాగా పడున్నాయి. ఆ రోజు మేనేజరు పెట్టిన చీవాట్లు ఆయన ఇప్పటికీ పొల్లుపోకుండా అప్పజెప్పగలడు. అప్పట్నుంచి డిపోలోనే కాదు, ఇంట్లో కత్తెర కూడా దాని మేకుకే వేలాడాలి.

కంప్యూటర్లోనూ అంతే. కూతురు చిన్నప్పటి నుంచి కొన్న ఆటలన్నీ ఒకే కొట్టులో ఉన్నాయి. ఆదివారం భోజనాలయ్యాక తండ్రీకూతుళ్లు రెండు కుర్చీలు జరుపుకుని, చెరో కంట్రోలరు పట్టుకుని కూర్చునేవారు. పిల్ల తొమ్మిదో తరగతికొచ్చాక తలుపు వేసుకోవడం నేర్చింది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు వచ్చి చేరాయి. ఏమడిగినా "ఊఁ" అనో "ఏం లేదు" అనో జవాబు. తనంతట తాను వచ్చి తండ్రి పక్కన కూర్చునేది ఆ ఒక్క పూటే. ఆ రెండో కుర్చీ తనదన్న ధీమాతోనే ఆయనకు వారమంతా గడిచిపోయేది.

అలాంటి ఓ ఆదివారం పిల్ల గడియారం ఆట గురించి చెప్పింది. ఇద్దరు మనుషులు కొండంత గడియారంలో ఇరుక్కుపోతారు. ఒకరు పళ్లచక్రాన్ని ఆపి పట్టుకుంటేనే రెండోవారు దాటగలరు. ఒంటరిగా ఆడటం కుదరనే కుదరదు.

"బాగుంది, కొనేద్దాం" అన్నాడు బీరువా.

"మన కొట్టులో లేదు నాన్నా. వేరే దాంట్లో ఉంది. ఏడాది దాకా అక్కడే అమ్ముతారట."

ఆయన మొహం మాడిపోయింది. అయినా పిల్ల కోసం ఓ ప్రయత్నం చేశాడు, కాదనకూడదు. కొత్త కొట్టు పాస్‌వర్డులో పెద్దక్షరం లేదంది, తర్వాత అంకె లేదంది, అన్నీ పెడితే మరీ పొడుగంది. చివరికి నువ్వు మనిషివో కాదో తేల్చుకోవాలి, బస్సులున్న గళ్లు నొక్కమంది. పొద్దస్తమానం బస్సుల మధ్య బతికే మనిషిని అడగాల్సిన ప్రశ్నేనా ఇది. ఆయన శ్రద్ధగా బస్సు నొక్కాడు, పక్క గడిలోకి పొడుచుకొచ్చిన అద్దం నొక్కాడు, అద్దాన్ని పట్టుకునే బ్రాకెట్టున్న గడి కూడా నొక్కాడు. తప్పంది. మళ్లీ నొక్కాడు. మళ్లీ తప్పంది.

"అద్దం బస్సుది కాకపోతే ఎవడిదే?" అని కూతుర్ని నిలదీశాడు.

"వదిలెయ్ నాన్నా, నేను చేస్తా ఇటివ్వు."

"అక్కర్లేదు. ఏడాదేగా, కళ్లు మూసి తెరిచేలోగా అయిపోతుంది. మన కొట్టుకే వస్తుంది, అప్పుడు ఆడదాం. నా కంప్యూటర్లో రెండో లాంచర్ పెట్టేది లేదు."

ఆయన భార్య ఫిజియోథెరపిస్టు. బిగుసుకుపోయిన మెడల్ని రోజంతా వంచి ఇంటికొస్తుంది కానీ ఈ మెడను మాత్రం ఏనాడూ వంచలేకపోయింది. "ఏ రాయైతేనేమండీ పళ్లూడగొట్టుకోడానికి. పిల్ల అడుగుతోంది, పెట్టెయ్యండి" అంది.

"నీకు తెలీదులే" అన్నాడు ఆయన.

పిల్ల ఇంకో రెండు మూడుసార్లు అడిగి ఊరుకుంది. ఊరుకుందంటే ఒప్పుకుందనుకున్నాడు. ఆదివారాలు పాత ఆటలే మళ్లీ ఆడారు. తర్వాత డిపోలో సరుకు తనిఖీ వచ్చిపడి కొన్ని ఆదివారాలు అటే పోయాయి. ఏడాది తిరిగింది.

గడియారం ఆట పాత కొట్టులోకి వచ్చిన రోజే కొనేశాడు. ఆదివారం కుర్చీలు తనే జరిపి, కూతుర్ని పిలిచి, "చూశావా? పట్టు పట్టినవాడిదే గెలుపు. ఒక ఆట, ఒక కొట్టు" అన్నాడు. పిల్ల ఏదో చెప్పబోయి మానేసి, వచ్చి కూర్చుంది.

ఆట నొక్కాడు. పాత కొట్టు లాంచర్ తెరుచుకుంది. దాని మీద ఇంకో కిటికీ తెరుచుకుంది. ఆట తయారుచేసినవాళ్లకూ సొంత లాంచర్ ఉందట, ఏ కొట్టులో కొన్నా దాని గుమ్మం దాటాల్సిందేనట, అకౌంటు కావాలట. ఏడాదిపాటు ఏ తద్దినం వద్దని కూర్చున్నాడో అదే ఇంటికొచ్చి పీట వేసుకుంది. 

"సరే, నీ మెయిల్ పెట్టి తెరువు. నావల్ల కాదు" అన్నాడు చివరికి.

"నీదే పెడదాం నాన్నా."

"నాది వద్దు. నీ మెయిలే కొట్టు."

పిల్ల నెమ్మదిగా కొట్టింది. ఈ మెయిల్‌తో ఇప్పటికే అకౌంటు ఉందని తెర మీద వచ్చింది.

"చూశావా, ఎవడో నీ మెయిల్ వాడేసుకున్నాడు. అందుకే నేను మొత్తుకునేది. ఎక్కడ పడితే అక్కడ అకౌంట్లు తెరిస్తే ఇంతే. ఫిర్యాదు ఎక్కడ చెయ్యాలో చూడు, వాడి సంగతి తేలుద్దాం."

"ఎవరూ వాడలేదు. ఆగు" అని పిల్ల తల ఎత్తకుండా పాస్‌వర్డు కొట్టింది.

గడియారం తెర నిండా తెరుచుకుంది. మొదటి అంతస్తు నుంచి చివరి గంట దాకా దీపాలన్నీ వెలిగి ఉన్నాయి. పూర్తయినట్టు గుర్తు. కింద ఇద్దరు ఆటగాళ్ల పేర్లున్నాయి. ఒకటి కూతురిది. రెండోది అమ్మ.

"ఇదెప్పుడు?"

"నువ్వు తనిఖీకి వెళ్లిన ఆదివారాల్లో. అమ్మ లాప్‌టాప్‌లో కొత్త కొట్టు పెట్టుకున్నాం."

"అమ్మకు ఆడటం వచ్చా?"

"మొదట్లో ఊరికే పడిపోయేది. ఇప్పుడు నాకంటే బాగా ఆడుతుంది."

తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ భార్య గుమ్మంలోకి వచ్చింది. "నేనే చెప్పొద్దన్నాను. మీరు అంత పంతంగా ఎదురుచూస్తుంటే ఎలా చెప్పను?" అంది.

ఆయనకు కోపం రావాలి. ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియలేదు. ఇంటిల్లిపాదీ ఆడేసిన ఆట కోసం ఏడాది కాపలా కాసింది తనొక్కడే. చాలా బాధేసింది.

"మళ్లీ మొదట్నుంచి ఆడదాం నాన్నా, నాకిష్టమే" అంది కూతురు.

ఆడారు. మొదటి చక్రం దగ్గర ఆయన ఇంకా చుట్టూ చూస్తుండగానే తెర మీద పిల్ల ఆడించే బొమ్మ మీట దగ్గరకు వెళ్లిపోయింది. "ఆగు, నన్ను కనుక్కోనీ" అన్నాడు. పిల్ల బుద్ధిగా కంట్రోలరు ఒళ్లో పెట్టుకుని ఆగింది. ఎటు వెళ్లాలో చెప్పలేదు, విసుక్కోలేదు. ఆయన ఒకసారి పడ్డాడు, రెండోసారి పడ్డాడు. పిల్ల "ఫర్లేదు" అంది, చుట్టాలతో మాట్లాడినట్టు. ఆ మర్యాదే ఆయన భరించలేకపోయాడు.

"ఇది చాల్లే" అని కంట్రోలరు బల్ల మీద పెట్టాడు. "నువ్వు ఇంకా ఆడనిది ఏదైనా ఉంటే చెప్పు. ఏ కొట్టైనా పర్లేదు, ఎన్ని లాంచర్లయినా పెట్టుకో. అది మొదలుపెడదాం."

పిల్ల తల్లి వైపు చూసింది.

"ఒకటుంది నాన్నా. నిన్ననే కొన్నాం. వచ్చేవారం అమ్మా నేనూ మొదలుపెట్టాలనుకున్నాం."

"అందులో ముగ్గురు ఆడొచ్చా?"

"ఇద్దరే" అంది పిల్ల. "నువ్వు మా పక్కన కూర్చుని చూడొచ్చు" అంది.

"సరే" అన్నాడు బీరువా. ఏ కొట్టులో కొన్నారని మాత్రం అడగలేదు.