సగం లేచిన గేటు

పొద్దున లేచి చూస్తే మా వంటిల్లు రైలు స్టేషనంత దూరం పోయి ఉంది. నిన్న సాయంత్రం పోస్టాఫీసంత దూరంలోనే ఉండింది. నడక మానేసిన మనిషి ఇంట్లో పడసాల పొడుగవుతుంది. ఇందులో వింతేమీ లేదు.

నా మంచం ఈ కొసన, పొయ్యి ఆ కొసన. మధ్యలో పడసాల. కింద తాడిపత్రి నల్లరాళ్లు, పక్కన సున్నం కొట్టిన గోడలు. రాయి నలుపు, గోడ తెలుపు. చూపు ఆనినంతవరకు అంతే.

నేను రైల్వేలో గేట్‌మన్‌గా చేశాను. బండి వస్తుంటే గేటు వేసి ఉండాలి, పోయాక తీసి ఉండాలి. సగం వేసిన గేటు మనుషుల్ని చంపుతుంది. అది ఉద్యోగం. ఉద్యోగం అయిపోయినా గేటు నాతోబాటే ఇంటికి వచ్చింది.

డాక్టరమ్మ చక్కెర జబ్బు అని చెప్పి రోజూ నడవమంది. నేను రోజూ నా పాత గేటుదాకా పోయి వచ్చేవాణ్ణి. ఒకనాడు వాన వచ్చింది. పోలేదు. మరునాడు చెప్పులు వేసుకోబోయి ఆగాను. తప్పింది తప్పిపోయింది, ఇంక దాన్ని నడక అనరు అనుకున్నాను. చెప్పులు మంచం కిందికి తోశాను. పడసాల ఆ పూటే మూర పెరిగింది.

సంగటి తెచ్చేది నా భార్య సుంకమ్మ. మొదట్లో వేడిగా వచ్చేది. తర్వాత గోరువెచ్చగా. నిన్న ఆమె నా మంచం చేరేసరికి ముద్ద పైన పొక్కు కట్టింది. పక్కన ఊరిబిండి పచ్చడి ఎండింది. ఆమె మోకాళ్లు పాత తలుపు మాదిరి మోగుతున్నాయి.

"వీధి కొసదాకా అన్నా పోయి రాయ్యా. అప్పుడన్నా ఈ ఇల్లు పెరిగేది ఆపుతుందేమో," అంది.

"పోతే గేటుదాకా పోవాల. లేకుంటే లేదు."

"సరే. నీ నడక నేను నడస్తాండాలే," అంది.

నేను తిన్నాను. ఆమె తట్ట తీసుకుని వెనక్కి పోయింది. ఆమె వీపు చిన్నదై, ఆవగింజంతై, తెలుపులోకి పోయింది.

ఈ పొద్దున సంగటి రాలేదు.

మంచం దిగి నేలకు చెవి ఆనిస్తాను. పట్టాకు చెవి పెడితే కంటికి కనపడని బండి కూడా వినిపిస్తుంది. రాయి పట్టా మాదిరే చల్లగా ఉంది. రాయి లోపల సుంకమ్మ గొంతు ఉంది.

"ఇనపడతాందా?"

"ఊ."

"నేను ఇంగ నడవలేనయ్యా. మోకాళ్లు రానంటాండాయి. వంటింటికి ఇంజను తగిలించినారు."

"ఎవరు?"

"బండోళ్లు. మంచోళ్లే. గేటుకాడికి తెచ్చి నిలబెడతారంట. నువ్వు ఆడికొస్తే సరే. రాకుంటే ఎనక్కి తీసకపోతారంట."

"ఎనక్కి అంటే యాడికి?"

"వాళ్లకీ తెలీదంట. నేల యాడిదాకా ఉంటే ఆడిదాకా."

"గేటు యాడుంది?"

"సగంలో. నీకింత, నాకింత." రాయిలో పొయ్యి చప్పుడు వినిపిస్తుంది. తర్వాత ఆమె, "సంగటి ఉడకతాంది. దింపేలోపల రా," అంటుంది.

రాయి మామూలు రాయి అయిపోతుంది.

మేకుకు నా రెండు జెండాలు వేలాడుతున్నాయి. ఒకటి ఎర్రది, ఒకటి పచ్చది. వాటిని చంకలో పెట్టుకుంటాను. చెప్పుల కోసం మంచం కింద చెయ్యి పెడతాను. వాటిలో సాలీడు కాపురం పెట్టి ఉంది. సంగతి చెప్తాను. వింటుంది. ఎడమచెప్పు ఇస్తుంది. కుడిది పిల్లలు పెద్దయ్యాక ఇస్తానంటుంది. న్యాయమే.

చెప్పు లేని కుడికాలికి కోపం వస్తుంది.

"పోతే కడదాకా పోదాం," అంటుంది. "సగం దూరానికైతే నన్ను కదిలించొద్దు. నడిమధ్య నిలబడిపోతే నవ్వుతారు."

"ఎవరు?"

కుడికాలు పడసాల ఈ కొస నుంచి ఆ కొసదాకా చూస్తుంది. ఎవరూ లేరు.

"ఎవరో ఒకరు," అంటుంది.

గొంతు నాదే. అందుకని దాన్ని తిట్టలేను. ఎడమకాలు ఎప్పుడూ తక్కువ మాట్లాడుతుంది. అది ఒక అడుగు వేస్తుంది. వేశాక ఇంకొకటి వేస్తుంది. కుడికాలు మంచం దగ్గర ఒంటరిగా ఉండలేక సణుక్కుంటూ వెనకే వస్తుంది.

నడుస్తుంటే రాళ్లు దగ్గరవుతాయి. దగ్గరగా చూస్తే అవి నల్లగా లేవు. ఒకటి కాకిగుడ్డు రంగు. ఒకటి వంకాయ తొడిమ దగ్గరి రంగు. ఒకటి మబ్బు పట్టిన సాయంత్రం. గోడ కూడా తెల్లగా లేదు. సున్నంలో సుంకమ్మ కుంచె గీతలు ఉన్నాయి. ఆమె చెయ్యి అందినంత ఎత్తు ఒక తెలుపు, అందనిచోట ఇంకో తెలుపు. మంచం మీది నుంచి చూసినప్పుడు ఇవేవీ రావు. మంచం మీదికి రెండే రంగులు వస్తాయి.

కొంత దూరం పోయాక ఆయాసం వస్తుంది. గోడకు ఆనుకుని కూర్చుంటాను.

"చెప్పలేదా, ఇంక అయిపోయింది," అంటుంది కుడికాలు.

నేనూ అట్లాగే అనుకుంటాను. పక్కకు చూస్తే నా నడక నా పక్కనే కూర్చుని ఉంది. మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని, నేనెప్పుడు లేస్తానా అని చూస్తోంది. నేను లేస్తాను. అదీ లేస్తుంది. కూర్చుంటే అది వెళ్లిపోతుందని నా భయం. అది ఎక్కడికీ పోలేదు.

దూరంగా సంగటి వాసన మొదలవుతుంది. ఉడుకుతున్న వాసన, ఇంకా దింపలేదు. అడుగు కొంచెం పెంచుతాను.

పడసాల నడుమ నా గేటు ఉంది. మధ్యలో ఎర్రటి గుండ్రటి రేకు ఉన్న అదే గేటు. పూర్తిగా పడలేదు, పూర్తిగా లేవలేదు, ఏటవాలుగా నిలబడి ఉంది. దాని అవతల రాళ్ల నడుమ పట్టాలు వేసి ఉన్నాయి. ఇవతల స్టవ్వు పెట్టుకుని మస్తాన్ ఉన్నాడు. మస్తాన్‌ది మా గేటు పక్కన టీ అంగడి. చక్కెర వద్దన్నారని నేను టీ మానేశాను. టీతోబాటు మస్తాన్‌ని కూడా మానేశాను. అతని చేతిలో టీ గ్లాసు ఉంది. దాని మీద ఆవిరి ఇంకా లేస్తోంది.

"రాన్నా," అంటాడు. "నువ్వు రానికాణ్ణుంచి ఇది నా చేతిలోనే ఉండాది. గడ్డం గీక్కునేకి కూడా లేదు."

"చక్కెర తాగను."

"యాడేసినాను చక్కెర? అడిగింటే ఆ పొద్దే చెప్పేవాణ్ణి. నువ్వు అడిగితివా? మొగం అట్ల తిప్పుకుని పోతివి, నేనేదో నీకు యిసం పోసినట్ల."

నేను అతని చేతిలోని గ్లాసు కేసి చూస్తాను.

"వన్ బై టూ చేద్దామా?" అంటాడు.

సగం ఇంకో గ్లాసులో పోసి ఇస్తాడు. చేదుగా ఉంది. బాగుంది. తాగుతాను.

"ఎట్లుంది?"

"ఉంది."

"నీకి మాటలు కూడా వన్ బై టూనే," అంటాడు మస్తాన్. గ్లాసు దించిన చెయ్యిని విదిలించి, గడ్డం తృప్తిగా గీక్కుంటాడు.

నేను గేటు చక్రం పట్టుకుంటాను. వేద్దామని తిప్పుతాను. తిరగదు. తీద్దామని తిప్పుతాను. తిరగదు.

"గేటు ఇట్ల ఉండకూడదు," అంటాను.

"వేస్తే నువ్వు అవతలికి పోలేవు. తీస్తే బండి ఇవతలికి రాదు. ఇట్లుంటే ఇద్దరికీ దారి. నువ్వు రవ్వంత వంగాల, అది రవ్వంత నిదానించాల. అంతే గదన్నా."

అప్పుడు కూత వినిపిస్తుంది.

పట్టాల మీద మా వంటిల్లు వస్తోంది. ఇంజను వెనకాల ఉండి తోస్తోంది. నడుమ పెట్టెలు ఉన్నాయి. వంటింటి గడప మీద తెడ్డు పట్టుకుని సుంకమ్మ కూర్చుని ఉంది. పెంకుల సందుల్లోంచి పొగ పోతోంది. సగం లేచిన గేటును చూసి బండి దూరంలోనే నిలుస్తుంది. మళ్లీ కూస్తుంది. ఆగాలా, రావాలా అని దాని ప్రశ్న. జెండా చూపకపోతే వెనక్కి పోతుంది. నాకు తెలుసు. చక్రాలు అప్పటికే వెనక్కి చూస్తున్నాయి.

ఎర్రజెండా చూపితే అది అక్కడే ఆగిపోతుంది. ఆమె అక్కడ, నేను ఇక్కడ, పొయ్యి మీద సంగటి మాడిపోతుంది. పచ్చజెండా చాపి పట్టుకుంటే జోరుగా వచ్చి, గేటునూ నన్నూ మస్తాన్‌నూ దాటి పోతుంది. ఆమె గడప మీద కూర్చునే పోతుంది. చంకలోంచి రెండూ తీస్తాను. రెండూ బరువుగా ఉన్నాయి. సంగటి వాసనలో చిన్నగా మాడు వాసన కలుస్తోంది.

నా బుర్రకు తెలిసినవి ఆ రెండే. చేతికి ఇంకొకటి తెలుసు. వానకు రైలు కట్ట మెత్తబడిన చోట, పట్టాల పని జరిగే చోట నా చెయ్యి పచ్చజెండానే విప్పి మెల్లగా పైకీ కిందికీ ఆడించేది. రా, నిదానంగా రా అని దానికి అర్థం. డ్రైవర్లు తల ఊపి నిదానించేవాళ్లు. అది రైల్వే జెండా. ఇంట్లో పనికొస్తుందని నాకు తోచలేదు.

ఎర్రది మస్తాన్‌కి ఇస్తాను. పచ్చది విప్పుతాను. పైకి. కిందికి. పైకి.

వంటిల్లు కదులుతుంది. కుండలో నీళ్లు తొణకనంత నిదానంగా వస్తుంది. సుంకమ్మ లేచి ఒక చేత్తో గోడను, ఒక చేత్తో సంగటి కుండను పట్టుకుంటుంది. గడప వచ్చి గేటుకు ఆనుకుని నిలుస్తుంది.

నేను గేటు కింద వంగుతాను. కుడికాలు మూలుగుతుంది. అయినా వంగుతుంది. అవతల లేచి నిలబడతాను.

"వచ్చినావా," అంటుంది సుంకమ్మ.

"సగమే వచ్చినా."

"నేనూ సగమే వచ్చినా. సరిపాయె."

కుండ దింపుతుంది. అడుగున కొంచెం పట్టింది, పైనంతా బాగుంది.

"మోకాళ్లెట్లుండాయి?" అని అడుగుతాను.

ఆమె తెడ్డు ఆపి నన్ను చూస్తుంది. ఈ మాట నేను ఎప్పుడైనా అడిగానా అని ఇద్దరం వెతుక్కుంటాం. దొరకదు.

"ఉండాయి. నువ్వు నడిచిన కాడికి నేను నడిచే పని లేదు. అంతమటుకు వాటికి సుఖం," అంటుంది. "ముద్ద ఎంత పెట్టాల? నీకు కడుపు పగలన్నా తినాల, పస్తన్నా ఉండాల గదా."

"సగం పెట్టు."

"మస్తానా, ఇంటివా? ఈయన సగమంటాండాడు. నుదురు పట్టి సూడు, జెరమేమో."

మస్తాన్ నిజంగానే వచ్చి నా నుదురు పట్టి చూస్తాడు. "సల్లగానే ఉండాదక్కా," అంటాడు.

వంటింటి వెనక పెట్టెల తలుపులు తెరుచుకుంటాయి. నేను నడవని రోజులు దిగుతాయి. ఒక్కొక్కటి తన చెప్పుల జత చేత్తో పట్టుకుని, నిద్రముఖంతో, నీళ్లెక్కడ అని అడుగుతూ దిగుతాయి. వాటికి నా మీద కోపం లేదు. పోయాయనుకున్నాను, పెట్టెల్లో కూర్చుని ఉన్నాయి. గోడవారన కూర్చోబెడతాను. సుంకమ్మ సంగటిని తుంచి, తుంచినదాన్ని మళ్లీ తుంచి అందరికీ పెడుతుంది. తక్కువ కాదు. అడుగున పట్టింది కూడా అడిగి పెట్టించుకుంటాయి.

చివరి పెట్టెలోంచి ఒకటి దిగదు. మెట్టు మీదే నిలబడి ఉంది. తల నుంచి కాళ్లదాకా తడిసి ఉంది. వానరోజు.

"నేను రాన్లే," అంటుంది. "నా వల్లే గదా అంతా చెడింది."

నేను దాన్ని చూస్తాను. ఎన్ని నెలల తర్వాత పడిన వాన అది. వీధిలో ఎర్రనీళ్లు పారాయి. జనం ఇళ్లలోంచి బయటికి వచ్చి మొహాలు పైకెత్తి నిలబడ్డారు. సుంకమ్మ చెనక్కాయలు వేయించి, మంచం మీద నా పక్కన కూర్చుని, ఒలిచి నా చేతిలో పోసింది. పొట్టు ఇద్దరి ఒళ్లలో పడింది. ఇదంతా చెప్పాలని ఉంది. అన్ని మాటలు నా దగ్గర లేవు.

"ఆ పొద్దు చెనక్కాయలు బాగుండె," అంటాను.

వానరోజు మెట్టు దిగుతుంది.

సుంకమ్మ సగం ముద్ద ఇస్తే దాన్ని చేతిలో పెట్టుకుని నన్ను అడుగుతుంది. "నేనొక్కసారీ నడవలేదు. కాలిస్తావా?"

కుడికాలును విప్పి ఇస్తాను.

"ఎంత దూరం?" అంటుంది కుడికాలు.

"పోయినంత," అంటుంది వానరోజు.

కుడికాలు నా వైపు చూస్తుంది. నేను జెండా పైకీ కిందికీ ఒకసారి ఊపుతాను. రెండూ కలిసి పడసాలలోకి పోతాయి. వానరోజు కారినచోటల్లా రాళ్ల సందుల్లో చెనక్కాయ మొలకలు లేస్తాయి, చిన్న పసుప్పచ్చ పూలు పూస్తాయి. నేను ఒంటికాలి మీద నిలబడి గేటు మీద చెయ్యి ఆనిస్తాను. సగం లేచిన గేటు మనిషి చేతికి సరిగ్గా అందే ఎత్తులో ఉంటుంది.

పంక్తి ముగియకముందే అవి తిరిగి వస్తాయి. కుడికాలు మోకాలిదాకా తడిసి ఉంది. వేళ్ల నడుమ ఎర్రమన్ను.

"సగమే పోయినా," అంటుంది, వేళ్లు ముడుచుకుని.

"చాల్లే," అంటాను.

సుంకమ్మ కుడికాలును ఒళ్లోకి తీసుకుని కొంగుతో వేళ్ల సందులు తుడుస్తుంది. తుడుస్తుండగానే అది నిద్రపోతుంది. నిద్రలో వేళ్లు కదులుతున్నాయి, ఎక్కడో నిదానంగా నడుస్తున్నట్టు. నేను గేటుకు ఆనుకుని, ఒంటికాలి మీద నిలబడి, దాన్ని లేపకుండా నా సగం ముద్ద తింటాను. సంగటి వేడిగా ఉంది.