ఫిబ్రవరి ఇరవై తొమ్మిది

రేణిగుంట మోటార్ల ఫ్యాక్టరీలో గ్రేసీ ఆర్నెల్లుగా చేస్తున్న పని అట్టపెట్టెలకు స్టిక్కర్లు అంటించడం. ఐరాల నుంచి వచ్చి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదివితే, చివర్లో పని నేర్చుకోమని పంపింది ఇక్కడికే. దీనికి ఇండస్ట్రియల్ ట్రైనింగ్ అని పేరొకటి. ఆ పేరు వింటేనే ఆమెకు ఒళ్ళు మండుతుంది. కాలిపోయిన మోటారును తన చేత్తో చుట్టి తిప్పాలన్నది ఆమె ఆశ. ఇక్కడ మోటారును పెట్టె మీది బొమ్మలో చూడటమే.

వైండింగ్ సెక్షన్ శకుంతలమ్మ ఒక్కతే జాలిపడింది. కాలేజీ మెట్లెక్కని మనిషి, ఇరవై ఏళ్ళుగా రాగితీగ చుడుతోంది. మధ్యాహ్నం గబగబా నాలుగు ముద్దలు మింగి, మూలపడ్డ మోటారొకటి ముందు పెట్టి గ్రేసీ చేత చుట్టించేది. పన్నెండు రోజులకు పూర్తయింది. స్విచ్చి వేస్తే వెనక్కి తిరిగింది.

“కొనలు తారుమారు సేసినావు పాపా. ఇప్పి మళ్ళా కలుపు. నేను సెయ్యి పెట్టను.”

గ్రేసీ విప్పి కలిపింది. ఈసారి సరిగ్గా తిరిగింది. ఆ సాయంత్రం, ఏ రోజు పని ఆ రోజు రాయాల్సిన లాగ్‌బుక్కులో తన తప్పుతో సహా రాసుకుంది, శకుంతలమ్మ పేరు మాత్రం రాయలేదు. మిగతా పేజీల్లోనూ నిజమే రాసింది. స్టిక్కర్లు, స్టిక్కర్లు, స్టిక్కర్లు.

తనిఖీకి వచ్చిన పాలిటెక్నిక్ లెక్చరర్ మోహన్‌కృష్ణ, మేనేజరు పెట్టిన వేయించిన జీడిపప్పు నములుతూ ఆ బుక్కు తెరిచాడు.

“ఏందిమ్మా ఇది? స్టిక్కర్లని రాస్తే వచ్చే ఏడు మన పిల్లోళ్ళని రానిస్తారా? ఇంగ ఈ పేజీ ఒకటి. మేనేజర్ని అడక్కుండా ట్రైనీలు మోటారు ముట్టుకోగూడదని రూలు ఉండాది.”

పర్రున ఆ పేజీ చించాడు. నూనె చేతులు దానికే తుడుచుకుని బుట్టలో పడేశాడు.

“పోయినేడు మహిత రాసిన బుక్కు ఆ బీరువాలో ఉండాది. కొత్త బుక్కులో అట్నే దింపు, రేపొచ్చి సంతకం పెడతా. లేదంటే ట్రైనింగ్ ఫెయిలు, డిప్లొమా రాదు.”

ఆయన గది దాటగానే ఆమె బుట్టలో చెయ్యి పెట్టింది.

రాత్రి హాస్టల్లో కూర్చుని, ముట్టని మిషన్లన్నీ ముట్టినట్టు దింపింది. తన చేతిరాత చూసి తనకే అసహ్యం వేసింది. ఒకచోట కలం ఆగింది. ‘ఫిబ్రవరి 29: మోటారు వైండింగ్ చేశాను.’ ఈ ఏడాదే కాదు, పోయినేడు కూడా ఫిబ్రవరికి ఇరవై ఎనిమిది రోజులే. మహిత ఎవరి బుక్కు చూసి దింపిందో, ఆ ఎవరో ఇంకెవరిది చూసి దింపారో. కనిపెడతాడేమో చూద్దామని గ్రేసీ దాన్నీ దింపింది.

మరునాడు మోహన్‌కృష్ణ ఫోన్లో మాట్లాడుతూనే పేజీ పేజీకీ సంతకం చేశాడు. లేని రోజు మీద కూడా ఆకుపచ్చ సంతకం, కింద గుండ్రటి సీలు పడ్డాయి.

“రాత ముత్యాల మాదిరి ఉండాది. బుక్కు ఈడనే పెట్టి పో, జూనియర్లకు పనికొస్తాది.”

“అట్నే సార్,” అంది.

బుక్కు పెట్టేముందు దాన్ని స్టిక్కర్ల బల్ల దగ్గరికి తీసుకెళ్ళి, బుట్టలోంచి తీసి దాచుకున్న పేజీ మడత విప్పింది. నూనె మరక అలాగే ఉంది. ఫిబ్రవరి ఇరవై తొమ్మిది మీద దాన్ని పరిచి, నాలుగు మూలలా కంపెనీ స్టిక్కర్లు అంటించింది. ఒక్క ముడత పడలేదు. ఆర్నెల్లు నేర్పింది ఆ పనే కదా.