ఆకులు కోసిన అరటితోట

మా శివారు తూము మూసింది కాలువ ఆఫీసులో కూర్చున్న మీరే. పైనున్న రొయ్యల చెరువులకు నీళ్లు వదిలి, అరటికి ఈసారి వంతు లేదన్నదీ మీరే.

రావులపాలెం దిగువన వెంకటదుర్గ కౌలుతోట చూడండి. గెలలు వేసిన సమయానికి నేల బీటలు తీసింది. గట్టు మీద సరుగుడు పచ్చగానే ఉంది. దాని ఆకు సూదంత, చెమ్మను అంత తేలిగ్గా వదలదు. అరటాకు బారెడు. ఎండ పడిన మేరా నీరు ఆవిరై పోతుంది.

పోయిన వారం ఆవిడ కత్తి తీసుకుని ఆకులు నరకడం మొదలుపెట్టింది.

"ఏంటండీ వదినగారూ, ఎవరింట్లో పెళ్లి భోజనాలు?" అన్నాడు మరిది బుల్లబ్బాయి.

"ఆకు తగ్గిస్తే చెట్టన్నా బతుకుద్దయ్యా."

"ఆకు లేకపోతే కాయ ఎలా ఊరుద్దండి?"

"ఊరదు. ఆకుంటే చెట్టే ఎండిపోద్ది. ఏది వదులుకోమంటావో నువ్వే చెప్పు."

ఇవాళ చెట్లు బోసిగా నిలబడి ఉన్నాయి. కాయలు చిటికెన వేలంతే ఆగిపోయాయి, వాటిని కొనేవాడు లేడు. ఈ పంట ఇక ఆవిడకు రాదు.

పక్క తోటలవాళ్లు కూడా కత్తులు బయటికి తీశారు. వాళ్లు మొదటి ఆకు నరికేలోపు తూము ఎత్తండి. రేపు కాదు, ఈ పూటే.