నాలుగువేల నూట పన్నెండుగురు

తెల్లచెలిమ ఆస్పత్రిలో డాక్టరు కుర్చీ ఉంది, డాక్టరు లేడు. ఆయన నలభై రెండులో యుద్ధానికని పోయాడు. యుద్ధం ముగిసి ఏడాదిన్నరయింది. బస్రాలో ఉన్నాడని కొందరు, బొంబాయిలో సొంతంగా బోర్డు కట్టుకున్నాడని కొందరు అన్నారు. జిల్లా ఆఫీసువాళ్ళు ఏమీ అనలేదు. ఆయన తిరిగి వస్తాడన్న మర్యాదకొద్దీ ఇంకొకరినీ పంపలేదు.

నర్సు కృపమణి రోజూ పొద్దున్నే ఆ కుర్చీ తుడిచేది. తుడిచి, తాను పక్కనున్న ముక్కాలిపీట మీద కూర్చునేది. ఐదేళ్ళలో ఒక్కసారి కూడా ఆ కుర్చీలో కూర్చోలేదు. ఎవరన్నా చూస్తారని కాదు, చూడ్డానికి ఎవరూ ఉండరు కూడా. అది ఆమె కుర్చీ కాదు, అంతే.

ఆమెది కడప పక్క. మిషన్ ఆస్పత్రిలో నర్సుపని నేర్చుకుని, ఇరవై తొమ్మిదో ఏట ఈ నేతపల్లెకి వచ్చింది. ఇప్పుడు ముప్పై ఆరు. పల్లెలో అందరికీ ఆమె కావాలి, కానీ జ్వరం వచ్చినప్పుడు కావాలి. జ్వరం తగ్గినాక ఆమె గడప తొక్కే పని ఎవరికీ ఉండదు. నేతవాళ్ళ వీధి ఒక కొస, చర్చి ఉన్న వీధి ఇంకో కొస, నడుమ తుమ్మచెట్ల బీట్లో ఆస్పత్రి. సాయంత్రం ఆరయితే మగ్గాల చప్పుడు ఆగిపోతుంది. ఆపైన ఆమెకు వినబడేది తన గిన్నెల చప్పుడే.

జబ్బు లేకుండా ఆ ఆస్పత్రికి వచ్చే మనిషి ఒక్కతే, సుబ్బక్క. అరవై దాటిన నేతగత్తె, నోట్లో ఒక్క పన్ను లేదు, మాటకు మాత్రం పదునుంది. పొద్దున పది కొట్టేసరికి రాట్నం చంకన పెట్టుకుని వచ్చి, ఆస్పత్రి అరుగు మీద కూర్చుని, కండెలు చుట్టుకుంటూ ఊరి సంగతులన్నీ చెప్పేది. మధ్యాహ్నం రాట్నం ఎత్తుకుని పోయేది.

ఆస్పత్రిలో రోగుల పుస్తకం ఉంది. వచ్చినవాళ్ళ పేరు, ఊరు, జబ్బు, ఇచ్చిన మందు రాయాలి. రోజు ముగిసి పుస్తకం తెరిస్తే ఒక్కోనాడు నాలుగు పేర్లే ఉండేవి. ఆ తెల్లకాగితాన్ని అలాగే మూయడానికి కృపమణికి మనసొప్పేది కాదు. ఒకనాడు ఐదో పేరుగా సుబ్బక్కను రాసింది. జబ్బు గడి ఖాళీగా ఉంటే బాగుండదని నడుంనొప్పి అని రాసింది. మర్నాడు తలనొప్పి. ఆ తర్వాత అది అలవాటయింది, పేజీలో మిగిలిన వరుసలన్నీ ఆమె పేరుతోనే నింపేది. సుబ్బక్కకు సోమవారం ఒళ్ళు నొప్పులూ దగ్గూ, మంగళవారం అజీర్తీ జలుబూ, బుధవారం పంటినొప్పీ చెవిపోటూ. పుస్తకం ప్రకారం ఆమెకు రాని జబ్బు లేదు, అది చదివి వినిపిస్తే సుబ్బక్క నవ్వేది. మందు గడిలో మాత్రం కృపమణి అబద్ధం రాయలేదు, ‘మంచినీళ్ళు’ అని రాసింది.

ఇలా ఉండగా సుబ్బక్క చిన్నకూతురు తిమ్మమ్మకు ఎనిమిదో నెల నడుస్తోంది.

కృపమణి ఆమె కడుపు తడిమి చూసి చేతులు కడుక్కుని, చాలాసేపు తుడుచుకుంటూ నిలబడింది. బిడ్డ అడ్డంగా ఉంది, దారి ఇరుకు. కత్తి పెట్టి తీయాల్సిన కాన్పు, తన చేతుల్లో అయ్యేది కాదు. రెండేళ్ళ కింద పెద్దకూతురు బసమ్మకూ ఇంతే. నొప్పులు మొదలయ్యాక ఎద్దులబండి కట్టి కర్నూలుకు బయలుదేరారు. హంద్రి ఏటి ఇసుకలో చక్రాలు దిగబడ్డాయి. బండి పైకొచ్చేలోగా బసమ్మ పోయింది. ఇంటికొచ్చి సుబ్బక్క మగ్గం మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకుంది.

"ఇంగ నా కడుపున పుట్టిందాన్ని కర్నూలు బండి ఎక్కియ్యను. సచ్చినా ఈడనే."

మగ్గం మీద పెట్టిన ఒట్టు నేతవాళ్ళు తప్పరు. తప్పితే ఆ మగ్గం మీద నేసిన బట్ట ఎవరూ కొనరని వాళ్ళ నమ్మకం. "బండి మెల్లగా తోలిస్తారులే సుబ్బక్కా, నొప్పులు రాకముందే పోవచ్చు" అని కృపమణి ఎంత చెప్పినా ఆమె రాట్నం తిప్పుతూనే ఉంది. బొగ్గుతో నడిచే బస్సు వారానికి రెండుసార్లు వస్తుంది గానీ, దాని కుదుపులకు ఒట్టి మనిషికే పేగులు జారతాయి.

తిమ్మమ్మను డాక్టరు దగ్గరికి తీసుకుపోలేనప్పుడు, డాక్టరునే ఇక్కడికి తేవాలి. చర్చి బడి అయ్యవారు ఏసేపు చేత అర్జీ రాయించి కృపమణి శాసనసభ మెంబరుకు పంపింది. మెంబరు మంచివాడు, మదరాసులో ప్రశ్న అడిగాడు. మూడు వారాలకు జవాబు పత్రికలో పడింది. ఏసేపు అరుగు మీద నిలబడి, బడిలో పద్యం చదివినట్టు చదివాడు.

"తెల్లచెలిమ వైద్యశాలలో వైద్యుడు లేని సంగతి ఆరోగ్యశాఖ మంత్రిగారికి తెలియునా? తెలియును. వైద్యుని నియమింతురా? ఆ వైద్యశాలలో గత సంవత్సరము నాలుగువేల నూట పన్నెండుగురు చికిత్స పొందియున్నారు. ఇది చుట్టుపక్కల వైద్యులున్న వైద్యశాలల కంటె అధికము. కావున ప్రజలకు ఇబ్బంది యేమియు లేదని ప్రభుత్వ అభిప్రాయము."

"అంటే ఏమప్పా?" అంది సుబ్బక్క.

"అంటే నర్సమ్మ శానా బాగా పనిచేస్తాంది కాబట్టి డాక్టరు అక్కర్లేదంట."

కృపమణి లోపలికి పోయి రోగుల పుస్తకం తెరిచింది. సుబ్బక్క, సుబ్బక్క, సుబ్బక్క. ఒంటరితనానికి తోడుగా రాసుకున్న పేర్లన్నీ మదరాసు దాకా పోయి, డాక్టరు రాకుండా దారికి అడ్డంగా నిలబడ్డాయి. ఆ పూట ఆమె అన్నం వండుకోలేదు.

పది రోజులకు ఇంకో కబురు వచ్చింది. మంత్రిగారు ఆదోని నుంచి కర్నూలుకు పోతూ తెల్లచెలిమలో అరగంట ఆగుతారట. డాక్టరు లేకుండా నాలుగువేలమందిని చూసిన ఆస్పత్రిని చూడాలని ఆయనకు ముచ్చటేసిందట. జిల్లా హెల్తాఫీసరు ముందురోజే వచ్చి గోడలకు సున్నం కొట్టించి, కృపమణికి ఒకటే మాట చెప్పాడు.

"మంత్రిగారు అడిగితేనే మాట్లాడు. అడక్కపోతే అసలు మాట్లాడకు."

అందుకని ఆ సాయంత్రం ఆమె సుబ్బక్కకు పాఠం చెప్పింది. "నువ్వు ఒకే మాట అడగాల. డాక్టరు ఎప్పుడొస్తాడు సామీ అని. అంతకుమించి ఒక్క మాట వద్దు."

"అంతేనా? ఇంత దూరం వచ్చినాయన్ను ఒక్క మాట అడిగి పంపియ్యాల్నా? మర్యాదేనా అది?"

"సుబ్బక్కా!"

"సరేలే తల్లీ, ఒగటే."

మర్నాడు కారు వచ్చింది. మంత్రిగారు ఖద్దరు కట్టుకున్న సన్నపాటి మనిషి, కళ్ళు అలసిపోయి ఉన్నాయి. నేరుగా వచ్చి డాక్టరు కుర్చీలో కూర్చున్నారు. ఐదేళ్ళు తుడిచిన కుర్చీలో చివరికి ఒక మనిషి కూర్చోవడం చూసి కృపమణి చేతిలోని తుడుపుగుడ్డ వెనక్కి దాచుకుంది. హెల్తాఫీసరు, తహశీల్దారు ఆయన వెనక, ఊరంతా అరుగు కింద నిలబడ్డారు.

కరణం ప్రశ్నలు చదివాడు. దిగుడుబావిలో దిగినవాళ్ళ కాళ్ళకు నారికురుపులు లేస్తున్నాయి, చేదబావి తవ్విస్తారా? పరిశీలనలో ఉంది. కలరా సూదులు వేసేవాళ్ళు తిరునాళ్ళకు ముందే వస్తారా? అదీ పరిశీలనలో ఉంది. మంత్రిగారి గొంతు మెత్తగానే ఉంది గానీ, ఆ మాట ఎన్ని వేలసార్లు అన్నారో, నాలుక దానంతటదే అనేస్తోంది.

సుబ్బక్క రాట్నం కింద పెట్టి లేచింది.

"సామీ, డాక్టరు ఎప్పుడొస్తాడు?"

కృపమణి ఊపిరి వదిలింది. మంత్రిగారు కాగితం చూసుకున్నారు. "అవ్వా, మీ నర్సమ్మే నాలుగువేల నూట పన్నెండు మందికి వైద్యం చేసిందే! మీరు అదృష్టవంతులు."

అక్కడితో సుబ్బక్క కూర్చోవాలి. కూర్చోలేదు.

"ఆ నాలుగువేలల్లో నేనెంతమంది ఉండానో సూడు నాయనా. దినామూ నన్నే రాస్తాంది ఆ పిల్ల."

హెల్తాఫీసరు మొహం ముందురోజు కొట్టించిన సున్నంలా తయారయింది. మంత్రిగారు పుస్తకం తెప్పించుకుని పేజీలు తిప్పారు. తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగారు.

"పంటినొప్పి అని ఉందే అవ్వా? ఏ పన్ను?"

సుబ్బక్క నోరు బార్లా తెరిచి చూపించింది. ఊరు ఊరంతా నవ్వింది. తహశీల్దారు కూడా నవ్వి, తర్వాత నవ్వలేదన్నట్టు దగ్గాడు. మంత్రిగారు మాత్రం నవ్వకుండా కృపమణి వైపు తిరిగారు.

"ఎందుకు రాశావమ్మా?"

చెప్పదగ్గ సాకులు నాలుగైదు ఆమెకు తోచకపోలేదు.

"వచ్చినవాళ్ళను రాయమన్నారు సార్. రోజూ వచ్చేది ఆమె ఒక్కతే."

మంత్రిగారు పుస్తకం మూయలేదు. మంచినీళ్ళు, మంచినీళ్ళు అని ఉన్న గడి మీదుగా వేలు కిందికి జరుపుకుంటూ పోయారు. "నా దగ్గరికి రోజూ మూడు వందలమంది వస్తారు" అన్నారు, ఎవరితోనో తెలియకుండా. "అందరికీ ఏదో ఒకటి కావాలి." తర్వాత గొంతు సవరించుకుని, "డాక్టరు సంగతి నేను..." అని మొదలుపెట్టారు.

ఆ వాక్యం ఎక్కడ ఆగుతుందో కృపమణికి తెలుసు. డాక్టరు కోసమే ఇంత చేసింది. కానీ కాగితం మదరాసు పోయి రావడానికి నెలలు పడుతుంది, తిమ్మమ్మకు ఉన్నది రెండు వారాలు.

"డాక్టరు వద్దు సార్" అంది. అన్నాక తన మాట విని తానే భయపడింది. "మీ కారులో చోటుంటే ఒక గర్భిణిని కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోండి. బిడ్డ అడ్డం తిరిగింది, నావల్ల కాదు."

మంత్రిగారు తల ఊపి కారు తలుపు తీయించారు. అందరూ సుబ్బక్కను చూశారు. మగ్గం మీది ఒట్టు అందరికీ తెలుసు. సుబ్బక్క కారు దగ్గరికి పోయి దాని చుట్టూ ఒకసారి తిరిగింది. టైరు మీద అరచెయ్యి పెట్టింది. లోపలి మెత్త నొక్కి చూసింది.

"దీనికి ఎద్దులు యాడుండాయి?" అంది.

"లేవు సుబ్బక్కా."

"ఎద్దుల్లేకుంటే ఇది బండి యాడిదే? నేను బండి ఎక్కియ్యనన్నా గానీ, దీన్ని ఎక్కియ్యనని నేనెప్పుడన్నా?" అని ఊరి వైపు తిరిగి, ఎవరన్నా కాదంటారేమోనని చూసింది. ఎవరూ అనలేదు. "పదవే తిమ్మీ, కొంగు సర్దుకో. నువ్వు ఒగదానివే పోతావా ఏంది, నేనూ వస్తాండా."

మంత్రిగారితో కారులో పోవాల్సిన హెల్తాఫీసరు తన చోటు వదులుకుని బొగ్గు బస్సు కోసం ఉండిపోయాడు. బస్సు ఎల్లుండి. సుబ్బక్క రాట్నంతో సహా ఎక్కింది. ఎక్కుతూ కృపమణితో, "నాలుగు దినాల్లో వస్తా, ఈలోగా ఎవురితోనూ మాట్లాడద్దు, సంగతులన్నీ నాకే చెప్పాల" అంది. నర్సు ఆస్పత్రి వదిలి పోరాదు. కృపమణి అరుగు మీదే నిలబడి, దుమ్ము అణిగిందాకా చూసింది.

తొమ్మిదో రోజు ఏసేపుకు కార్డు వచ్చింది. కడుపు కోసి తీశారు, ఆడపిల్ల, ఇద్దరూ బాగున్నారు. కృపమణి పుస్తకం తెరిచి, రాసే గడి ఏదీ లేకపోయినా, ఆ రోజు తేదీ కింద ‘ఆడపిల్ల’ అని రాసింది. నెలకు ఇంకో కార్డు. తిమ్మమ్మ మగనికి కర్నూలులో ఒక షావుకారు మగ్గాల షెడ్డులో పని దొరికింది, వాళ్ళక్కడే ఉండిపోతారు, పిల్లను చూసుకోడానికి సుబ్బక్క కూడా. నర్సమ్మను శానా అడిగినట్టు చెప్పమంది.

డాక్టరు రాలేదు. ఆయన సంగతి పరిశీలనలో ఉంది.

వచ్చింది జిల్లా ఆఫీసు కాగితం. ‘గడచిన రెండు మాసములలో రోగుల సంఖ్య గణనీయముగా తగ్గినది. కారణము వెంటనే తెలుపవలెను.’

కృపమణి ముక్కాలిపీట మీద కూర్చుని ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. అరుగు మీద రాట్నం పెట్టేచోట సున్నం రాలి, గుండ్రంగా మచ్చ పడి ఉంది. తుమ్మచెట్ల అవతల మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి. ఆమె కలం ముంచి, మదరాసు వాళ్ళకు నచ్చే అక్షరాలతో జవాబు రాసింది.

‘ప్రజల ఆరోగ్యము మెరుగుపడినందువలన.’

సిరా ఆరిందాకా ఊది, కాగితం మడిచి, లేచి డాక్టరు కుర్చీ ఇంకోసారి తుడిచింది. పొద్దున తుడిచిందే.