బిరడ జారిన చోటు

సాయంత్రం టీ తాగడం అయ్యాక డింప్నా బల్ల మీది రొట్టె పొడి దులిపి, తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడిచి, దాని మీద మామగారి మ్యాపు పరిచేది. ఈస్టరు పండగ వెళ్లిన దగ్గర్నుంచీ ఇదే వరస. మూలలు లేవకుండా ఒక పక్క పంచదార డబ్బా, ఇంకో పక్క జామ్ సీసా పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కుని, ఏదో ఒక ఊరి మీద వేలు ఆనించి వినేది.

ఆ మ్యాపు సంగతి పడమటి తీరాన క్లేర్ జిల్లాలో అందరికీ తెలుసు. డింప్నా మామగారు బతికున్న రోజుల్లో ఒక డాన్సు బృందానికి వ్యాను నడిపాడు. ఐర్లండులో ఆయన వెళ్లని ఊరు లేదు. గుడ్డ మీద అంటించిన ఆ దారుల పటం వానలో, పొగలో, నల్ల బీరు మరకల్లో ఏళ్ల తరబడి నానింది. ఇప్పుడు దాని మీద ఏ ఊరిని ముట్టుకుంటే ఆ ఊళ్లో ఆ క్షణాన వాయిస్తున్న సంగీతం వినబడుతుంది. సన్నగా, దుప్పటి ముసుగులోంచి విన్నట్టు. కొందరి ఇళ్లలో ఎండాకాలం కూడా ఇంకని బావి ఉంటుంది, వీళ్లింట్లో ఇది ఉంది. అంతకు మించి ఎవరూ ఆలోచించలేదు. శనివారం ఏ పబ్బుకు పోతే పొద్దు బాగా పోతుందో తేల్చుకోవడానికి పోస్టుమాన్ వచ్చి, టోపీ తీసి, నాలుగు ఊళ్లు తడిమి వెళ్లేవాడు. పక్క పొలం కన్సెప్టా మాత్రం మొగుడి ఆచూకీ కోసం వచ్చేది.

"కిల్ఫెనోరా మీద పెట్టవే వేలు," అనేది. "ఆ వెనకాల ఎవరో శ్రుతి లేకుండా కూనిరాగం తీస్తున్నారు చూడు, అదే మా ఆయన గడ్డి కోస్తున్న చప్పుడు."

అలాంటి మ్యాపు ఆరేళ్లపాటు గిన్నెల అల్మరా వెనక మడతపెట్టి పడుంది.

డింప్నా, సెనన్‌లకు రీయొనా ఒక్కతే కూతురు. ఫిడేలు వాయించేది. ఇరవై రెండో ఏట మెదడు వాపు జ్వరం వచ్చి, డాక్టర్లు పేరు తేల్చేలోపే పోయింది. చావు జరిగిన ఇంట్లో ఏడాదిపాటు వాయిద్యం మోగకూడదని అక్కడ పాతకాలం నాటి కట్టుబాటు. ఫిడేలు గోడకెక్కుతుంది. ఏడాది తిరిగాక చుట్టాల్లో ఒకరు వచ్చి దాన్ని దింపి ఇంటివాళ్ల చేతిలో పెడతారు. సెనన్ కాన్సర్టీనా వాయించేవాడు. రెండు చేతుల మధ్య పట్టి తిత్తులు సాగదీసి వాయించే ఆ చిన్న పెట్టె మీద అతని చేయి ఆ చుట్టుపక్కల పేరున్న చేయి. ఏడాది తిరిగాక చుట్టాలు వచ్చారు. వాళ్లు కాన్సర్టీనా పెట్టిన అల్మరా వైపు నడవడం చూసి సెనన్ లేచి ఆవుల దగ్గరికి వెళ్లిపోయాడు. మరుసటేడూ అంతే. ఆ తర్వాత ఎవరూ రాలేదు.

అంతకన్నా ముందు జరిగింది ఇంకొకటుంది. పూడ్చేవేళ రీయొనా తోటివాళ్లు ఫిడేళ్లు, వేణువులు పట్టుకుని స్మశానానికి వచ్చారు. ఆమె సొంతంగా కట్టిన బాణీని మట్టి వెయ్యబోయే ముందు వాయించి సాగనంపాలని వాళ్ల ఆశ. అదీ అక్కడి రివాజే. సెనన్ మాత్రం గోతి పక్కనుంచి చెయ్యెత్తి, "వద్దు," అన్నాడు. అంతే. వాళ్లు వాయిద్యాలు కోట్ల కింద దాచుకుని నిలబడ్డారు. ఆ రోజు నుంచీ అతని మీది గౌరవంతో ఆ ప్రాంతంలో ఆ బాణీ ఎవరూ ముట్టుకోలేదు. పబ్బులో వాయించలేదు, పొలంలో ఈల వెయ్యలేదు. మంచివాళ్లు కాబట్టి మర్చిపోయారు.

ఇంట్లోవాళ్లూ మర్చిపోయారు. బాణీకి రెండు భాగాలు. మొదటిది డింప్నాకు బాగానే గుర్తుంది. రీయొనా ఈ వంటగదిలోనే, కిటికీ గట్టు మీద ఒక కాలు పెట్టి కట్టింది. తాతగారి నాటి ఫిడేలు అది, మొదటి భాగం పూర్తవుతుండగా సరిగ్గా అక్కడే తీగ బిగించే బిరడ జారేది. ఆమె కమాను పైకెత్తి, ఎడం చేత్తో బిరడ తిప్పి, ఏమీ జరగనట్టు రెండో భాగంలోకి దూకేది. ఆ రెప్పపాటు ఖాళీలో తాళం పడిపోకుండా సెనన్ తన కుర్చీలోంచే మడమతో నేల మీద రెండు దెబ్బలు వేసేవాడు. కొత్త బిరడ వేయిస్తానని అతను, వేయించు మరి అని ఆమె, అలా ఏళ్లు గడిచాయి. ఆ రెండు దెబ్బల తర్వాత ఏముందో ఇప్పుడు డింప్నాకు గుర్తులేదు. సెనన్‌కు గుర్తుండే ఉంటుందని ఆమె అనుకుంటూ వచ్చింది. ఆమెకు గుర్తుంటుందని అతను. అడగడానికి ఇద్దరికీ నోరు రాలేదు. అడిగేసరికి ఇద్దరి దగ్గరా లేదు.

ఈ వసంతంలో లిమరిక్‌లో చెవుల డాక్టరు సెనన్‌ను పరీక్ష చేసి, మాట మింగుతూ మింగుతూ చెప్పాడు. ముందు సన్నటి చప్పుళ్లు పోతాయట, పిట్టల కూతలు, ఫిడేలు పై తీగ. తర్వాత మాటలు. చలికాలం దాకా ఎంత నిలుస్తుందో చెప్పలేనన్నాడు. ఇంటికి రాగానే డింప్నా కోటైనా విప్పకుండా అల్మరా పక్కకు జరిపి మ్యాపు బయటికి లాగింది.

"వినికిడి ఉన్నన్నాళ్లలోనే దేశమంతా ఒక చుట్టు చుట్టొద్దాం," అంది. "ఎక్కడ బాగా వాయిస్తున్నారో అక్కడికే. దక్షిణాన కెర్రీ నుంచి మొదలుపెట్టి ఉత్తరాన డొనెగాల్ దాకా. ఆవుల పాలు కన్సెప్టా వాళ్లాయన పితుకుతాడు."

"ఆయన పితికితే పాలు కూడా శ్రుతి తప్పుతాయి," అన్నాడు సెనన్. వస్తాననలేదు. రాననీ అనలేదు.

అలా మొదలైంది ప్రయాణం ఏర్పాటు. డింప్నా సాయంత్రాలు వేలు పెట్టి వింటూ ఊళ్లు ఏరేది. డింగిల్‌లో వీధి వీధికీ సంగీతమే, కాకపోతే వాయించేవాళ్లకన్నా చప్పట్లు కొట్టేవాళ్లు ఎక్కువ. తీసేసింది. కార్క్ కొండల్లో ఒక పల్లె నచ్చి, దాని పక్కన పెన్సిలుతో చుక్క పెట్టింది. గాల్వేలో వాయిస్తున్నవాళ్లను సెనన్‌కు వినిపిస్తే మంచి చెవి కాగితానికి ఆనించి, "వీళ్లకు రైలు టైమవుతున్నట్టుంది," అని తల తిప్పుకున్నాడు. గుంపుకు వీపు తిప్పి, మూలన కూర్చుని, ఒకళ్ల కోసం ఒకళ్లు వాయించుకునే చోట్లు కావాలి డింప్నాకు. చుక్కలు నెమ్మదిగా పైకి పాకాయి. మాట పైకి రాకపోయినా, ఏ ఊరి మీద వేలు పెట్టినా ఇద్దరూ వెతుకుతున్నది ఒక్కదాని కోసమే.

జూన్‌లో ఒక ఆదివారం, మధ్యాహ్న భోజనం అయ్యాక, వేలు డొనెగాల్‌లో ఆర్డరా మీదికి వెళ్లింది. ముగ్గురో నలుగురో ఫిడేళ్లు పట్టుకుని తాపీగా వాయిస్తున్నారు. నాలుగు స్వరాలు విన్నాక డింప్నా వేలు చల్లబడిపోయింది. పొయ్యి దగ్గర బూట్లు తుడుచుకుంటున్న సెనన్ చొక్కా అంచు పట్టి లాగింది. అతను వంగి చెవి ఆనించాడు.

మొదటి భాగం అయింది. అందరూ ఒక్కసారిగా కమాన్లు ఎత్తారు. రెప్పపాటు ఏమీ లేదు. మళ్లీ అందుకున్నారు, ఇద్దరూ పోగొట్టుకున్నది మొత్తం వచ్చింది, ఒక్క స్వరం తగ్గకుండా.

"బిరడ," అన్నాడు సెనన్. "బిరడ కూడా వాయిస్తున్నారే."

పోవడానికి ముందు ఏడాది రీయొనా అక్కడ ఎండాకాలపు ఫిడేలు బడికి వెళ్లి వారం రోజులు ఉంది. అప్పుడే ఎవరికో ఇచ్చి ఉంటుంది. తీసుకున్నవాళ్లు బిరడ జారిన ఖాళీ కూడా బాణీలో భాగమే అనుకుని భద్రంగా తీసుకున్నారు.

ఇక ప్రయాణం ఖాయమే అనుకుంది డింప్నా. జరిగింది వేరు. ఆర్డరాలో వాళ్లు కూర్చునేది ఆదివారం మధ్యాహ్నాలు. ప్రతి ఆదివారం సెనన్ గడ్డం గీసుకుని, మంచి చొక్కా వేసుకుని, బల్ల ముందు కూర్చుని, చెంప ఆ ఊరి మీద పెట్టేవాడు. వాళ్లు అది వాయించినా వాయించకపోయినా సాయంత్రం దాకా లేచేవాడు కాదు. మిగతా చుక్కల మాట ఎత్తితే వినబడనట్టు ఉండేవాడు. చెవుడులో అదొక సుఖం.

"ఇక్కడే వినబడుతుంటే అంత దూరం దేనికి?" అన్నాడు ఒకసారి.

"ఇది కాగితం, సెనన్. కాగితంలోంచి వచ్చేది చద్ది కూడు. ఫిడేలు చెక్క ముందు కూర్చుని విను, కమాను గీరుడుతో సహా విను. నీకున్నది ఈ కొద్ది రోజులే. వాటిని ఈ బల్లకు అంటించి పారేస్తావా?"

అతను జామ్ సీసా మూత తిప్పాడు.

"వాళ్లు వాయిస్తుంటే ఎదురుగా ఏ మొహంతో కూర్చోను? గోతి దగ్గర దాన్ని ఆపిన చెయ్యి ఇదే కదా."

వారం వారం ఆ చెంప రాపిడికి ఆర్డరా అక్షరాలు పలచబడ్డాయి. అతను పోల్చుకునే చప్పుళ్లు కూడా పలచబడుతున్నాయని ఆమెకు తెలుస్తూనే ఉంది. పొద్దున్నే చూరు కింద పిచ్చుకలు గోల చేస్తుంటే, ఈ ఏడు పిచ్చుకలు రాలేదేమిటే అన్నాడు.

ఆగస్టు ఆఖరి ఆదివారం సెనన్ చెంప ఆనించి, కాసేపటికి ఎత్తి, అటు తిప్పి ఇటు తిప్పి, వేలితో రుద్ది, మళ్లీ ఆనించాడు.

"అరిగిపోయింది," అన్నాడు. "ఏమీ రావడం లేదు. నేనే అరగదీశాను."

డింప్నా చేతులు ఏప్రనుకు తుడుచుకుని వచ్చి వేలు పెట్టింది. ఫిడేళ్లు మోగుతున్నాయి. ఎప్పటిలాగే, ఒక పిసరైనా తగ్గకుండా, సరిగ్గా ఆ బాణీయే. మొదటి భాగం, ఖాళీ, రెండో భాగం. ఆమె వేలు తియ్యలేదు. భర్త మొహం చూస్తూ చివరి దాకా విన్నది. అతను ఆమె మొహం చూస్తున్నాడు.

అతని మంచి చెవి దగ్గరికి వంగి గట్టిగా చెప్పింది. "అవును. అరిగిపోయింది. ఇక ఇందులో రాదు. వినాలంటే వెళ్లాల్సిందే."

ఆ మాట అంటున్నంతసేపూ ఆమె వేలి కింద కూతురి బాణీ మోగుతూనే ఉంది.

మరుసటి ఆదివారం తెల్లవారుతూనే బయల్దేరారు. మ్యాపు కన్సెప్టా చేతిలో పెట్టి వెళ్తుంటే, దారి ఎలా తెలుస్తుందే మీకు అని ఆమె కేకలేసింది. ఉత్తరానికి పోవడమే కదా అంది డింప్నా. కారులో ఫ్లాస్కు నిండా టీ, కాగితంలో చుట్టిన హామ్ శాండ్‌విచ్‌లు. వెనక సీట్లో ఒక పెట్టె ఉంది. దాన్ని ఎప్పుడు పెట్టాడో ఆమె చూడలేదు, అడగలేదు. పెన్సిలు చుక్కలు పెట్టిన ఊళ్లు ఒక్కొక్కటే వెనక్కి పోయాయి. గాల్వే దాటారు. స్లైగో దాటారు. ఎక్కడా ఆగలేదు. వాన అద్దం మీద కొడుతుంటే సెనన్ వేలు అద్దానికి ఆనించి కూర్చున్నాడు. ఆ చప్పుడు అతనికి అందడం లేదు, అదురు మాత్రం అందుతోంది.

ఆర్డరాలో ఆ పబ్బు వెనక గదిలో పొయ్యి పక్కన నలుగురు కూర్చున్నారు. వాళ్లలో పెద్దామె పేరు ఊనా, గొర్రెల బొచ్చు వడికే చేతులు. కొత్తవాళ్లను చూసి తల పంకించి, బల్ల చివర చోటు చూపింది. సెనన్ కుర్చీ లాక్కుని కమాన్లకు ఎదురుగా కూర్చున్నాడు. అతని చెవికి ఇప్పుడు ఏదో దూరాన మర తిరుగుతున్నట్టు మోత తప్ప ఏమీ చేరడం లేదని అతను మెడ ముందుకు చాచిన తీరు చూస్తే డింప్నాకు తెలిసింది.

అక్కడ ఏ బాణీనైనా మూడు చుట్లు వాయిస్తారు. చాలాసేపటికి అది మొదలైంది. డింప్నా భర్త మోకాలి మీద చెయ్యేసి నొక్కింది. అతను కమాన్ల వైపే చూస్తున్నాడు. మొదటి చుట్టులో నాలుగు కమాన్లూ ఒక్కసారి లేచాయి, గది ఆగింది, మళ్లీ దిగాయి. సెనన్ పెదవులు కదిలాయి. రెండో చుట్టు వచ్చింది. కమాన్లు లేచాయి.

సెనన్ మడమ నేల మీద పడింది, రెండుసార్లు, చెక్క పలకలు అదిరేలా.

ఊనా చటుక్కున తలెత్తింది. కమాను మాత్రం ఆపలేదు. మూడో చుట్టులో ఆ చోటు రాగానే నలుగురూ అతని కాలి వైపు చూస్తూ ఆగారు. అతను వేశాడు. వాళ్లు అందుకున్నారు.

అయిపోయాక ఊనా ఫిడేలు ఒళ్లో పెట్టుకుంది. "ఇది మాకు ఒక క్లేర్ పిల్ల దగ్గర్నుంచి వచ్చిందమ్మా. నేనే తీసుకున్నాను. పేరు అడగడం మర్చిపోయి 'క్లేర్ పిల్ల' అనే పిలుచుకుంటున్నాం. అక్కడ ఎందుకు ఆగుతుందో కూడా అడగలేదు." నవ్వింది. "మీకు తెలుసన్నమాట ఆ పిల్ల. ఎలా ఉంది? బాగుందా?"

డింప్నా భర్త వైపు తిరిగింది.

సెనన్‌కు ప్రశ్న వినబడలేదు. తనను దెబ్బల గురించి అడుగుతున్నారనుకున్నాడు. చెవిటివాళ్లు మాట్లాడినట్టు గది అంతా వినబడేలా చెప్పాడు. "రెండు. కాలితో. అవి నావి. మిగతాదంతా మా రీయొనాది."

ఊనా అతని మొహం చూసింది, డింప్నా మొహం చూసింది. ఫిడేలు మళ్లీ గడ్డం కిందికి చేర్చింది. మిగతా ముగ్గురూ చేర్చారు. గోతి దగ్గర ఆగిపోయినదాన్ని ఆ నలుగురూ ఇంకోసారి మొదటినుంచి వాయించారు. డింప్నా లేచి కారులోంచి కాన్సర్టీనా పెట్టె తెచ్చి భర్త ముందు పెట్టింది. అతను దాన్ని తెరవకుండానే, మూత మీద అరచేత్తో లయ కొడుతూ కూర్చున్నాడు.

బయటికి వచ్చాక, కారు తలుపు దగ్గర, సెనన్ ఆమె వైపు తిరిగాడు.

"మ్యాపు అరగలేదు కదూ?"

డింప్నా తల అడ్డంగా ఊపింది. అతను ఆమె కోటు కాలరు సరిచేసి, కారెక్కాడు.

చలికాలం రాకముందే అతనికి మాటలు వినబడడం కూడా పోయింది. దేశం చుట్టడం ఇక కుదరలేదు. అయితే ఆ ఆదివారం క్లేర్‌లో కన్సెప్టా రొట్టె పిండి చేతులతోనే ఆర్డరా మీద వేలు పెట్టుకుని కూర్చుంది. ఫిడేళ్ల నడుమ ఆ రెండు దెబ్బలు విని వాకిట్లోకి పరిగెత్తి అందరినీ పిలిచి వినిపించింది. ఆ తర్వాతి శనివారమే కిల్ఫెనోరాలో ఒకరు ఆ బాణీ ఎత్తారు. ఇప్పుడు ఆ ప్రాంతంలో ఎవరు వాయించినా ఆ చోట కమాను ఎత్తి, మడమతో రెండు దెబ్బలు వేసి, తర్వాతే ముందుకు పోతారు. ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడగడం అక్కడి పద్ధతి.

సెనన్ దగ్గర, అంటారు.