భీమేశ్ పేరు మీద

ఆదివారం మధ్యాహ్నం ఆన్‌లైన్ ప్రోగ్రామింగ్ పోటీ ముగిసి ఫలితాల జాబితా తెరవగానే సవిత గుండె ఝల్లుమంది. తన పేరుకు కాస్త కింద భీమేశ్ పేరు! గట్టిగా అరుద్దామనుకుంది. కానీ హట్టి బంగారు గనిలో రాత్రి షిఫ్టు చేసొచ్చిన నాన్న యంకప్ప పక్కనే నిద్రపోతున్నాడు. గని క్వార్టర్స్‌లో ఉన్నదే ఒకటిన్నర గది. సంతోషమొచ్చినా నోరు మూసుకునే పడుండాలి.

రెండేళ్ల కిందటి దాకా ఇద్దరూ లింగసుగూరు కంప్యూటర్ సెంటర్‌లో ఒకే కంప్యూటర్ ముందు కూర్చుని ఈ పోటీలు రాసేవాళ్లు. ఒకే లెక్కకు ఆమెదొక పద్ధతి, అతనిదొక పద్ధతి. రెంటికీ ఒకే సంఖ్యలిచ్చి, ఏది త్వరగా తేలుస్తుందో చూసేవాళ్లు. ఓడినవాళ్లు బస్టాండు దగ్గర మిర్చి మండక్కి, అంటే మిరపకాయ బజ్జీ, మరమరాలు కొనిపెట్టాలి. ప్రేమించుకునేవాళ్లు ఏం మాట్లాడుకుంటారో సవితకు తెలియదు. వీళ్లు మాత్రం "నీ ప్రోగ్రాం యాడ సస్తదో నాకెరుక" అని మాట్లాడుకున్నారు. తర్వాత అతనికి బెంగళూరులో ఉద్యోగమొచ్చింది. ఫోన్లు తగ్గాయి. పోటీల్లో అతని పేరు కనిపించడం మానేసింది. ఆమె మాత్రం ప్రతి ఆదివారం రాస్తూనే ఉంది. గెలవడానికని ఇంట్లో చెప్పింది. అబద్ధం. ఆ జాబితాలో అతని పేరు వెతుక్కోవడానికే.

అతని ప్రోగ్రాం తెరిచింది. లక్షల సంఖ్యల్లో ఒకదానికొకటి అతి దగ్గరగా ఉన్న రెంటిని పట్టుకోవాలి, అదీ లెక్క. సవిత ముందు అన్నిటినీ చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరుసలో పెట్టి, పక్కపక్కనున్నవాటినే పోల్చింది. చిటికెలో తేలింది. ఇతనిది లూపులో లూపు. ప్రతి సంఖ్యనూ మిగతా అన్నిటితో పోల్చుకుంటూ పోవడం, సమానమైనవి రెండు తగిలితే ఆగిపోవడం. పోటీవాళ్లు పరీక్షకిచ్చిన సంఖ్యల్లో అవి త్వరగా తగిలాయి కాబట్టి గట్టెక్కింది.

భీమేశ్ ఇలా రాయడే! లూపులో లూపు కనిపిస్తే మొహం చిట్లించే మనిషి. అలవాటు తప్పిందేమో, పాపం, ఆఫీసు పనితో అలిసిపోయాడేమో. మనసైనవాళ్ల తప్పుకు సాకులు వాళ్లు అడక్కుండానే మనం వెతికిపెడతాం.

పోటీ అయ్యాక గంటసేపు ఎవరి ప్రోగ్రామైనా తెరిచి చూడొచ్చు. అది తట్టుకోలేని సంఖ్యలు పంపి పడగొట్టొచ్చు. ఏ రెండూ సమానం కాని సంఖ్యలు లక్షల్లో ఇస్తే చాలు, ఇతనిది అక్కడికక్కడే కూలబడుతుంది. చూసీ చూడనట్టు ఊరుకుంటే అతని పేరు అలాగే ఉంటుంది, ఆ ఉత్సాహంతో వచ్చే ఆదివారమూ రావచ్చు. కానీ ఊరుకోవడం వాళ్ల మధ్య ఏనాడూ మర్యాద కాదు. పడగొడితే ఎవరి దెబ్బో తెలుస్తుంది, పాత రోషం లేస్తుంది, ఫోన్ చేస్తాడు. అలాంటి సంఖ్యలు పెట్టి నొక్కింది. 'సమయం మించింది' అని తేలింది. అతని పేరు జాబితాలో అడుక్కి జారిపోయింది.

కాసేపటికి నిజంగానే ఫోన్ మోగింది. చెప్పులైనా వేసుకోకుండా బయటికి పరుగెత్తింది.

"సవితా, నువ్వు ఇంకా రాస్తనే ఉన్నవా?" భీమేశ్ గొంతులో ఆశ్చర్యం. "మా ఆఫీసుల కొత్తగ చేరిన రంగాకు నా ఐడీ ఇచ్చిన. ఎవరో పడగొట్టిండ్రన్నా అని నీ పేరు చూపిచ్చిండు. నవ్వొచ్చింది."

"అది నువ్వు రాయలేదా?"

"యాడిది? నేను ఇడిసిపెట్టి చాన దినాలాయె."

ఆమె మెట్టు మీద కూలబడింది. అయినా ఆశ చావదు కదా! లెక్క మొత్తం నోటితో చెప్పి, "నువ్వయితే ఎట్ల రాస్తుంటివి?" అని అడిగింది. అటునుంచి బెంగళూరు బస్సుల హారన్లు వినిపిస్తున్నాయి. ఆలోచిస్తున్నాడు! ఆ కాసేపూ ఇద్దరూ మళ్లీ ఒకే కంప్యూటర్ ముందు కూర్చున్నట్టే అనిపించింది.

"రంగా రాసినట్టే రాస్త. పనైతే సాలు గద సవితా, ఎంతసేపైతేంది?"

"సాలదు భీమేశ్." ఏడుపు ఆగలేదు. "నాకు సాలదు."

"సరే తియ్యి, రంగాకు చెప్త," అన్నాడు భీమేశ్. "నీ తాన నేర్చుకొమ్మని."